ఎనిమిదో బిళ్ళ

రెండు గంటల నలభై ఆరు నిమిషాలకి ఫోన్ మోగినప్పుడు దుర్గాభవాని నోట్లో పెరుగన్నం ముద్ద ఉంది. తెరమీద మసేను పేరు చూసి నవ్వుకుంది. గంటన్నర కిందటే కదా, ‘మళ్ళీ ఏడాది దాకా నీ మొకం సూడక్కర్లేదు భవానమ్మా’ అని వెక్కిరించి బండెక్కాడు. ఏ తువ్వాలో మర్చిపోయి ఉంటాడు.

“ఏటి తండేలు మావా, అప్పుడే బెంగెట్టీసుకున్నావా?” అంది ముద్ద మింగి.

అవతల్నించి ఆటోల హారన్లు, ఎవరో ఒడియాలో ధరలు అరవడం వినిపించాయి. బరంపురంలో బడా బజార్ చప్పుడు.

“భవానమ్మా, మా పింటుగాడు అక్కడ గానీ ఉండిపోనాడా?”

“ఇక్కడెందుకుంటాడు? మీతో రానేదా?”

“నా బండ్లో లేడు. సామాన్ల బండ్లో ఎక్కినాడనుకున్నాం. ఆ బండి తోలే పైడయ్యేమో నా బండ్లో ఉన్నాడనుకున్నాడంట. పింటు పెళ్ళాం సీతాలు ఇక్కడ కొట్టు కాడ కూకునుంది, మొగుడేడీ అనడుగుతోంది. ఆడి ఫోన్ సూత్తే నా మూటలోనే మోగతన్నాది.”

దుర్గాభవాని చేతిలో చెంచా కింద పెట్టింది. ఆమె కూర్చున్న కుర్చీ సన్నగా వణుకుతోంది. రెండున్నరకి పైన పెద్ద ఫాన్లు వేశారు. అప్పట్నించీ ఆ కట్టడమంతా అలాగే వణుకుతోంది. మూడు గంటలకి బాయిలర్లో మంట పెడతారు.

“మావా, నువ్వు బిళ్ళలు తీసినప్పుడు పింటు నీ పక్కనున్నాడా?”

“అందరూ ఉన్నారనే తీసినాను గదా.”

“నీ కళ్ళతో సూసినావా ఆణ్ణి? ఉన్నాడా, లేడా?”

దానికి మసేను దగ్గర మాట లేదు. ఆమెకి అది చాలు.

పథరగుడ థర్మల్ విద్యుత్ కేంద్రంలో దుర్గాభవాని ఉద్యోగం చూడ్డానికి చాలా చిన్నది. బాయిలరు అడుగున ఒక రేకుల గది, ఒక బల్ల, గోడకి ఒక చెక్క బోర్డు, దానికి అరవై మేకులు. మరమ్మతు కోసం బాయిలరు లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళని ఆ బోర్డుకి తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చాక తన బిళ్ళ తనే తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. బోర్డు ఖాళీ అయితే బాయిలరు ఖాళీ. అప్పుడు ఆమె కాగితం మీద సంతకం పెడుతుంది. ఆ కాగితం కంట్రోల్ రూమ్‌కి చేరితేనే మంట.

ఆ రోజు ఒంటిగంట పదికి ఆమె సంతకం పెట్టేసింది.

బోర్డు నిజంగానే ఖాళీగా ఉంది. కానీ చివరి ఎనిమిది బిళ్ళలు తీసింది ఎనిమిది చేతులు కాదు. ఒక్క చెయ్యి. మసేనుది.

మసేనుది బరంపురం దగ్గర సముద్రపొడ్డునున్న సోనేపూర్. ముప్పై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు. పడవకి తండేలు, అంటే ఆ పడవలో అందరికీ పెద్ద. ఎండాకాలంలో రెండు నెలలు వేటకి వెళ్ళకూడదని సర్కారు ఆపినప్పుడు తన పడవ మనుషులు ఏడుగుర్నీ వెంటేసుకుని ఇక్కడికొస్తాడు. బాయిలరు లోపల ఇరవై అంతస్తుల ఎత్తున తాళ్ళు కట్టి, వాటికి పలకలు వేలాడదీసి, వెల్డింగు వాళ్ళు నిలబడేందుకు చోటు చెయ్యడం వాళ్ళ పని. ముడి వెయ్యడంలో, ఎత్తులో కళ్ళు తిరక్కుండా నిలబడ్డంలో సోనేపూర్ వాళ్ళని మించినవాళ్ళు లేరని కాంట్రాక్టరు నమ్మకం. అది నిజం కూడా.

మొదటి రోజే దుర్గాభవాని నియమం చెప్పింది. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలని. మసేను మొహం ఎర్రబడింది.

“మా ఊర్లో పడవ ఒడ్డుకొచ్చినాక ఒకొక్కడి పేరూ ఎవులూ అడగరు పాపా. ‘అందరూ ఒచ్చినారా’ అని తండేల్నే అడుగుతారు. నాను ఒచ్చినారంటే ఒచ్చినట్టే. పెళ్ళాలు గూడా ఆ మాట మీదే ఇంటికెల్లి పొయ్యెలిగిస్తారు. నా మనుసుల్ని నాను తేనేననుకున్నావా?”

తండ్రి వయసు మనిషి. పదిమందిలో అన్న మాట. ఆమె తగ్గింది. ఆ సాయంత్రం అతను ఎనిమిది బిళ్ళలూ గుప్పిట్లో పట్టుకుని పోతుంటే లెక్క పెట్టింది, తలుపు దగ్గర మనుషుల్నీ లెక్క పెట్టింది. సరిపోయింది. మర్నాడూ సరిపోయింది. వారం తిరిగేసరికి మనుషుల్ని లెక్కపెట్టడం మానేసింది. ఇరవై ఒక్క రోజులు అంతా సరిగ్గానే జరిగింది.

ఇవాళ ఇరవై రెండో రోజు.

కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది. బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. భువనేశ్వర్ ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూ ఉంటారు. గడియారం రెండు నలభై తొమ్మిది చూపించింది. ఆమె సొరుగు లాగి, అడుగున పడివున్న ఎర్ర అట్ట తీసి, పరుగెత్తింది.

లిఫ్ట్ ఎక్కడో పైనుంది. ఇనుప మెట్లు పట్టుకుంది. జల్లెడలా ఉన్న మెట్ల సందుల్లోంచి వేడిగాలి చీర కుచ్చిళ్ళలోకి కొడుతోంది. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. అస్కా చెరుకు తోటలు దాటాక ఈ వైపంతా పచ్చదనం అనేదే లేదు. ఎర్రమట్టి, బోడి గుట్టలు, ఎండిన వాగు, ఎక్కణ్ణించో నీళ్ళు మోసుకొచ్చే లావుపాటి పైపు. నేల చవగ్గా దొరికిందని ఇక్కడ కట్టారు. మూడో మలుపులో ఆమె చెప్పు తెగింది. రెండోదీ విదిలించేసి, కాలే ఇనుము మీద ఒట్టికాళ్ళతో ఎక్కింది.

కంట్రోల్ రూమ్ తలుపు తోసేసరికి చల్లగాలి మొహాన కొట్టింది. పది పన్నెండు మంది బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. మధ్యలో షిఫ్టు ఇంజినీరు దిలీప్, చెవి దగ్గర ఫోన్. బరంపురంలోనే పుట్టి పెరిగిన మనిషి. నెమ్మదస్తుడు. కానీ నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రలేదని కళ్ళు చెబుతున్నాయి.

“సార్, ఆపండి. లోపల మనిషున్నాడు.”

అందరూ తిరిగారు. దిలీప్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరు చెప్పారు? ఖాళీ అని సంతకం పెట్టింది నువ్వే కదా?”

“పెట్టాను. తప్పు పెట్టాను.”

“ఉన్నాడని చూశావా?”

“లేదు సార్. బయటికొచ్చాడనీ చూడలేదు.”

“భవానీ, ఇప్పటికే నాలుగు రోజులు ఆలస్యం. మూడింటికని భువనేశ్వర్‌కి మాటిచ్చాను. శ్రీను బాయిలరు పదకొండు తలుపులూ చూసి మూయించాడు. ఇప్పుడొచ్చి...”

బల్ల ముందు కూర్చున్న ఆపరేటరు ఒడియాలో గొణిగినట్టు అడిగాడు, లోపల గాలి పట్టించడం అయిపోయింది, చమురు మంట పెట్టమంటారా అని. అతని వేలు మీటకి జానెడు దూరంలో ఉంది.

దుర్గాభవాని ఇంక వాదించలేదు. ఇద్దరి మధ్యనుంచి దూరి వెళ్ళి, ఎర్ర అట్ట తాడుని ఆ మీట మెడకి తగిలించింది. పెన్ను తీసి అట్ట మీద తన పేరు, టైము రాసింది. రెండు యాభై నాలుగు.

ఆపరేటరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ‘మనిషి లోపల ఉన్నాడు. ముట్టరాదు’ అని మూడు భాషల్లో అచ్చువేసిన ఆ అట్ట ప్రతి థర్మల్లోనూ ఉంటుంది. దాన్ని ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. ఇంజినీరు విప్పకూడదు, పెద్ద సారు స్వయంగా వచ్చినా విప్పకూడదు. నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆమె దాన్ని ఒక్కసారీ బయటికి తియ్యలేదు.

దిలీప్ ఆ అట్ట వంక చూశాడు. ఆమె కాళ్ళ వంక చూశాడు. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

“ఫాన్లు ఆపండి,” అన్నాడు.

వణుకు మెల్లగా తగ్గింది. ఇంత పెద్ద కట్టడం ఒక్కసారిగా మూగబోయింది.

ఫిట్టర్ల మేస్త్రీ శ్రీను తనవాళ్ళని తీసుకుని బాయిలరు కింద తలుపు దగ్గర మొదలుపెట్టాడు. ఒక్కో తలుపుకీ ఇరవై నాలుగు బోల్టులు.

“నాను పెతీ తలుపు కాడా బుర్ర లోనెట్టి కేకేసినానమ్మా,” అన్నాడు బోల్టు తిప్పుతూనే. నుదుటి మీంచి చెమట ధారకట్టింది. “టార్చీ ఏసినాను. పలికినోడు నేడు. నా మీద పెడతావేటి ఇది?”

“నీ మీద పెట్టనేదు అన్నా. నా మీదే పెట్టుకున్నాను. తొరగా తిప్పు.”

మొదటి తలుపు తెరిచారు. బూడిద. చీకటి. కేకేస్తే వాళ్ళ కేకే తిరిగొచ్చింది. రెండోది తెరిచారు. అక్కడా అంతే. మూడున్నర దాటింది. అప్పుడు దిలీప్ ఫోన్ పట్టుకుని దిగొచ్చాడు. మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

“భవానీ, కాంట్రాక్టరు మాట్లాడాడు. అస్కా చక్కెర మిల్లు దగ్గర టీకి ఆగినప్పుడు నీలం చొక్కావాడొకడు బండి దిగి పోయాడని పైడయ్య చెబుతున్నాడట. పింటు చొక్కా నీలమే కదా. అక్కడ వాడికి చుట్టాలున్నారట కూడా.”

“అందరి చొక్కాలూ నీలమే సార్. కంపెనీ ఇచ్చినవి.”

“అయినా ఆలోచించు. వాడక్కడ ఏ చుట్టం ఇంట్లోనో పడుకుని ఉంటాడు. ఇక్కడ మనం ఒక్కో తలుపూ ఊడదీస్తున్నాం. ఇంకా తొమ్మిదున్నాయి. పెద్ద సారు రెండుసార్లు ఫోన్ చేశారు. అట్ట విప్పెయ్యి. నీ మీదికి ఏమీ రాకుండా నేను చూసుకుంటాను.”

చెడ్డ మాట కాదు అది. నిజం కావచ్చు కూడా. దుర్గాభవానికి ఆ మాట నమ్మాలని ఎంత ఆశ కలిగిందంటే ఆ ఆశ చూసే భయమేసింది. పక్కకి వెళ్ళి మసేనుకి ఫోన్ చేసింది.

“మావా, పింటు అస్కాలో దిగినాడా?”

“దిగీసుంటాడు తల్లీ, దిగీసుంటాడు. పైడయ్య సెప్తన్నాడు గదా.” గొంతులో తొందర. తనూ అదే నమ్మాలని చూస్తున్నాడు.

“ఇను మావా. ఇక్కడ తప్పు నాదని సెప్పీసినాను. నీ పేరు నా నోటెంట రానేదు. ఇంక ఎవులి మీదా నింద నేదు. నువ్వేదో మింగేస్తన్నావు. అది నాక్కావాలి.”

అవతల సీతాలు ఏడుపు వినపడుతోంది. ఆ ఏడుపులోంచే ఒక కేక వచ్చింది. “సెప్పు మావా! ఏటి దాస్తన్నావు? నీ కాళ్ళు పట్టుకుంటాను, సెప్పు!”

మసేను ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

“నానే పంపినాను.”

“ఎక్కడికి?”

“పైకి. మా అయ్య నాటి తాడొకటుంది భవానమ్మా. వేటకెల్లే ముందు గంగమ్మకి పసుపెట్టేది దానికే. బలం సూసి ఇక్కడ పైదూలానికి దాన్నే కట్టినాను. పని అయిపోనాక మర్సిపోయి దిగీసినాం. దాన్నొదిలీసి ఎలాగెల్తాను? పన్నెండున్నరకి పింటుగాణ్ణి, ఎల్లి ఇప్పుకొచ్చీరా అన్నాను. బిళ్ళలు తీసినప్పుడు సామాన్ల బండి మీద తాడు సుట్ట కనపడ్డాది. పడవలో తాడు లోపలికొచ్చిందంటే దాన్ని లాగినోడూ ఒచ్చినట్టే. అలాగే అనుకున్నాను. ఇందాకే ఆ సుట్ట ఇప్పి సూసినాను. అది ఏరే తాడు.”

“ఏ తలుపు మావా?”

“అన్నిటికన్నా పైది. ఎనకేపు. పొద్దు పొడిసే దిక్కు.”

ఆమె ఫోన్ పెట్టేసి శ్రీనుని చెయ్యి పట్టుకు లాగింది. వాళ్ళు కిందనుంచి ఒక్కో తలుపూ తీస్తూ పైకి వెళ్తున్నారు. ఆ వరసలో అది పదకొండోది. చీకటి పడితే గానీ దాని వంతు రాదు.

శ్రీను, ఫిట్టర్లు ముగ్గురు, ఆమె లిఫ్ట్ ఎక్కారు. దిలీప్ కూడా ఎక్కాడు. పైన నలుగురు నాలుగు పానాలు వేసి బోల్టులు తిప్పారు. ఆఖరు రెండూ బిగిసిపోతే శ్రీను సుత్తితో కొట్టాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల్నించి సన్నటి బూడిద పొగలా బయటికొచ్చింది. శ్రీను తల దూర్చి టార్చి వేశాడు. గోడలు. గొట్టాలు. గాలిలో తేలుతున్న బూడిద.

“పింటూ!” అన్నాడు. ఆ గొంతు అతనిదే అనిపించలేదు.

ఏమీ లేదు.

“ఒరే పింటూ!”

“ఆ లైటు కళ్ళల్లో ఎయ్యకు బావా,” అంది లోపల్నించి దగ్గుతో కలిసిన ఒక గొంతు. “గుడ్డోణ్ణి సేసీసేలాగున్నావు.”

శ్రీను తల బయటికి తీశాడు. ఇనుప జాలీ మీద చతికిలబడి, సుత్తి ఒళ్ళో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. పక్కనున్న ఫిట్టరు అతని వీపు నిమిరాడు. దిలీప్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు.

దుర్గాభవాని తనే తలుపులోంచి తొంగిచూసింది. పింటు దూలం మీద కూర్చుని ఉన్నాడు. తల నుంచి కాలి దాకా బూడిద. కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ కనపడ్డం లేదు. మూతికి తువ్వాలు కట్టుకున్నాడు. పాత తాడుతో తనని తను దూలానికి మూడు చుట్లు చుట్టుకుని, రొమ్ము మీద ముడేసుకున్నాడు. ఆ ముడి విప్పడానికి అతనికి అర నిమిషం పట్టింది. లోపలికి చెయ్యి చాపితే పట్టుకుని బయటికి పాకాడు.

నీళ్ళ సీసా ఇచ్చారు. సగం తాగాడు, సగం నెత్తిన పోసుకున్నాడు. బూడిద చారలు చారలుగా కారింది.

“ఏటైనాదిరా?” అన్నాడు శ్రీను. “నాను కేకేసినప్పుడు సచ్చినావా?”

పింటు సిగ్గుపడ్డాడు. “ముడి బిగిసిపోనాది బావా. ఇప్పేసరికి సేతులు పడిపోనాయి. తెల్లారి అయిదింటి నుంచీ పనిలోనే ఉన్నాం గదా. లోన సల్లగుంటే ఒక్క నిమిసం ఆనుకున్నాను.”

“తొంగున్నావా?”

“తొంగున్నాను.” తల దించుకున్నాడు. “లేసేసరికి సీకటి. తలుపు నేదు. కేకలేసినాను, గొట్టాల మీద గుద్దినాను. అంతలో గాలి మొదలైనాది సూడు! నన్ను లాక్కుపోతాదనుకున్నాను. తుఫానులో పడవకి కట్టుకున్నట్టు కట్టీసుకున్నాను. ఇంక మంటొస్తాదని తెలుసు నాకు. సీతాల్నే తల్సుకున్నాను. అప్పుడు గాలి ఆగిపోనాది. అమ్మయ్య అనుకున్నాను. మా తండేలు లెక్కెట్టినాడు, ఒకడు తగ్గినాడని ఆపించినాడు. అరిసి అరిసి గొంతు పోనాది గదా, ఇంక ఒస్తారులే అని కూకున్నాను.”

దుర్గాభవాని ఒక్క క్షణం అతని వంక చూసింది.

“ఆఁ,” అంది. “లెక్కెట్టినాడు.”

ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది. “సీతాలూ,” అన్నాడు పింటు. అటునించి వచ్చిన గొంతు స్పీకరు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది.

“సచ్చినోడా! బతికే ఉన్నావా?”

“ఉన్నానే.”

“నువ్వు రా ముందు. ఇంటికి రా. నానే సంపుతాను నిన్ను!”

ఆ మాటకి దిలీప్ కూడా నవ్వాడు. అరవై మీటర్ల ఎత్తున, ఎండలో కాగుతున్న జాలీ మీద, ఏడుగురు మనుషులు వానలో తడుస్తున్నంత హాయిగా నిలబడ్డారు.

బండ్లు రెండూ అయిదుంబావుకి వెనక్కొచ్చాయి. ముందు దూకింది సీతాలు. గేటు దగ్గర కాపలావాడు పాసు అడుగుతుంటే అతన్ని పక్కకి తోసి వచ్చింది. పింటు అప్పటికి స్నానం చేసి ఎవరిదో లుంగీ కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె ముందు అతని చెంప మీద ఒక్కటిచ్చింది. తరవాత రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది, ఎక్కడైనా కాలిందేమోనని. ఏమీ లేదని తేలాక మెట్టు మీద అతని పక్కనే కూర్చుని చెంగుతో మొహం కప్పుకుంది.

మసేను బండి దిగి అక్కడే నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు. దుర్గాభవానే అరికాళ్ళకి రాసిన మందు అంటకుండా మడమల మీద నడుచుకుంటూ వెళ్ళింది.

“ఆడు నీ గురించి గొప్పగా అనుకుంటన్నాడు మావా. నువ్వు లెక్కెట్టి ఆపించినావని.”

“నువ్వేటన్నావు?”

“అవునన్నాను. అప్పుడాడికి అదే కావాలి. ఇప్పుడు నిజం నువ్వే సెప్పుకో.”

మసేను తల ఊపాడు. నడిచెళ్ళి పింటు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏం చెప్పాడో ఆమెకి వినపడలేదు. చెప్పడం అయ్యాక పింటు చాలాసేపు అతని వంక చూశాడు. మిగతా ఆరుగురూ దగ్గరికి జరిగారు.

“అయితే తాడొచ్చిందా అని సూసినావు గానీ,” అన్నాడు పింటు, “నానొచ్చినానా అని సూడనేదన్నమాట.”

“సూడనేదురా.”

“భవానమ్మా!” పింటు గొంతెత్తాడు. “ఈ పాలి తాడుకీ ఒక బిళ్ళ ఇప్పించండి. మనుసుల కన్నా దానికే ఇలువెక్కువ!”

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అందరూ. మసేను నవ్వలేకపోయాడు, కానీ పింటు అతని చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టాడు. అప్పుడు ముసలాయన తువ్వాలు తీసి కళ్ళొత్తుకుని, “నీయమ్మ, పనిలో తొంగునేవోడు నా పడవకొద్దురా,” అన్నాడు. దాంతో ఇంకా నవ్వారు.

బాయిలరు మళ్ళీ మూసేసరికి ఆరున్నర అయింది. దుర్గాభవాని బోర్డు ముందు నిలబడి, సోనేపూర్ వాళ్ళని ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచింది. ఎవరి బిళ్ళ వాళ్ళే ఆమె చేతిలో పెట్టి, చెయ్యి చూపించి, నేల మీద గీసిన గీత దాటి అవతల నిలబడ్డారు. అందరికన్నా ముందు పెట్టింది మసేను. ఫిట్టర్లూ అలాగే చేశారు. శ్రీను అయితే రెండుసార్లు పేరు చెప్పాడు.

తరవాత పైకెళ్ళి, కంట్రోల్ రూమ్‌లో ఎర్ర అట్ట విప్పింది. జరిగిందంతా ఒక కాగితం మీద రాసి దిలీప్‌కి ఇచ్చింది. ఒక చేతికి ఎనిమిది బిళ్ళలు ఇరవై రెండు రోజులు ఇచ్చానని మొదటి వాక్యంలోనే రాసింది. దిలీప్ చదివి, కింద తనూ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు.

“మెమో వస్తుంది నీకు,” అన్నాడు.

“తెలుసు సార్.”

“నాకూ వస్తుంది. అట్ట విప్పమని అడిగాను కదా, అదీ రాశాను.” కాగితం మడిచాడు. “మెమో అంటే ఒక కవరు, అంతే. ఇంకో రకం కాగితం రాయాల్సొచ్చేది మనకి. ఇంటికి వెళ్ళు. బస్సు పోయినట్టుంది, వాళ్ళ బండిలో ఎక్కు.”

వాళ్ళ బండిలో చోటు లేదు. సీతాలు మొగుణ్ణి సామాన్ల మీదికి తోసి, దుర్గాభవానిని తన పక్కన కూర్చోబెట్టుకుంది. “కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకో అప్పా,” అంది. వద్దంటే వినలేదు. బండి గేటు దాటుతుండగా వెనక పెద్ద పొగగొట్టం కొసన మొదటి పొగ సన్నగా లేచింది. ఎవరూ పట్టించుకోలేదు. పింటు కథ మొదలుపెట్టాడు, అందరూ అటే తిరిగారు.

మొదటిసారి చెప్పినప్పుడు గాలి తువ్వాలు లాక్కుపోయేంత ఉంది. ఎండిన వాగు దాటేసరికి మనిషిని లేపేంత అయింది. మసేను మధ్యలో ఏదో దిద్దబోతే, “నువ్వు సూసినావా? నువ్వు బజార్లో ఉన్నావు!” అని ఏడుగురూ కలిసి అతని నోరు మూయించారు. దుర్గాభవాని నవ్వుతూనే సీతాలు భుజం మీద తల వాల్చింది. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి. చెరుకు తోటల పచ్చి వాసన వచ్చే వేళకి, పింటు కథలో గాలి దూలాన్నే వంచేస్తోంది. అది వినడానికి ఆమె మెలకువగా లేదు.